‘అయిపోనాదండీ!’

చీపురుపల్లి అవతల వున్న ఒక పల్లె నుంచి ఒక తల్లి రాసిన వుత్తరం యీ వారం నా బల్ల మీద వుంది. పేరు వేయవద్దన్నారు, వేయను. నాలుగు పేజీల వుత్తరం, దానితోపాటు మడత పెట్టిన ఒక అచ్చు కాగితం. వాళ్ళమ్మాయి చదివే విజయనగరం కాలేజీలో మొదటి రోజున పిల్లలందరికీ పంచిపెట్టిన నిబంధనల కాగితం అది.

సంగతి యిదీ. అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరం, సైన్సు. రోజూ బస్సు మీద వెళ్ళి వస్తుంది. ఇంటర్మీడియట్‌లో మంచి మార్కులే. కాలేజీలో చేరిన మూడో వారంలో కెమిస్ట్రీ ల్యాబులో లెక్చరరుగారు, “ఎవరి ప్రయోగం పూర్తయింది?” అని అడిగారట. అందరికంటె ముందు యీ పిల్లదే అయింది. లేచి నిలబడి, “నాది అయిపోనాదండీ” అంది. ల్యాబంతా గొల్లుమంది. లెక్చరరుగారు నవ్వలేదుట గాని, నవ్వేవాళ్ళని ఆపనూ లేదుట. ఆ రోజు మొదలు ఎవరో ఒకరు వెనక నుంచి “అయిపోనాదా?” అని పలకరించడం. పిల్ల ముందు క్లాసులో నోరు విప్పడం మానేసింది. తరవాత ల్యాబు వున్న రోజున కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. దసరా సెలవులయ్యాక వారానికి రెండు రోజులు యింట్లోనే. యిప్పుడు హాజరు తగ్గిపోతోందని కాలేజీ నుంచి కబురొచ్చింది.

ఆ తల్లి నన్ను మూడు సంగతులు అడిగారు. యింత చిన్న మాటకి కాలేజీ మానుకుంటుందా, యిది మొండితనం కాదా? తెలిసిన డాక్టరుగారు జబ్బు చేసినట్టు సర్టిఫికెట్టు యిస్తానంటున్నారు, పుచ్చుకోమంటారా? పిల్ల నోట్లోంచి ఆ పల్లెటూరి మాట పోగొట్టడం ఎలాగ?

చెబుతానమ్మా. ముందు ఆ అచ్చు కాగితం సంగతి చూడనివ్వండి.

అందులో నిబంధనలు పధ్నాలుగు. పదకొండు ‘రాదు’తో ముగుస్తాయి, మూడు ‘వలెను’తో. గంట మ్రోగిన పది నిమిషముల పిమ్మట లోనికి రారాదు. తరగతియందు సెల్‌ఫోను వాడరాదు. గుర్తింపు కార్డు మెడలో ధరింపవలెను. బల్లలపై వ్రాతలు వ్రాయరాదు. నూటికి 75 కన్న తక్కువ హాజరు గలవారు పరీక్షకు కూర్చొనరాదు. యిలాగ. నిజం చెప్పాలంటే యీ పధ్నాలుగింటిలో నేను కొట్టివేయదగ్గది ఒక్కటీ లేదు.

పది నిమిషాల నియమం బస్సు పిల్లలకి కష్టమని మీరు రాశారు. కష్టమే. కాని తలుపు తోసుకుని ఒకరు వస్తే అరవై మంది తలలు అటు తిరుగుతాయి, నల్లబల్ల మీద లెక్క మధ్యలో ఆగిపోతుంది. అంతకు ముందు బస్సు పట్టుకోవడమే దారి. మేం చదువుకునేటప్పుడు ఒక లెక్చరరుగారు గంట కొట్టగానే తలుపు వేసేసేవారు. ఒకనాడు ఆయనే ఆలస్యంగా వచ్చారు. తలుపు దగ్గర నిలబడి, “నేను లోపలికి రావచ్చునా?” అని మమ్మల్ని అడిగారు. మాకు ఏం చెప్పాలో తోచలేదు. ముందు బెంచీలో ఒకడు ధైర్యం చేసి “రండి సార్” అన్నాక వచ్చారు. ఆ తరవాత ఆయన క్లాసుకి ఆలస్యంగా వెళ్ళడానికి మాకు మొహం చెల్లలేదు.

హాజరు సంగతి కూడా అంతే. మా రోజుల్లో పేర్లు పిలుస్తుంటే సినిమాకి వెళ్ళిన మిత్రుడి బదులు గొంతు మార్చి “ప్రెజెంట్ సార్” అన్న పాపం నాకూ వుంది. యిప్పుడు వేలిముద్రలూ, మొహం గుర్తుపట్టే యంత్రాలూ వచ్చి ఆ కళ అంతరించింది. యంత్రం పిల్ల వచ్చిందో లేదో చెబుతుంది. ఎందుకు రావడం లేదో చెప్పదు.

నాకు చిక్కు తెచ్చిపెట్టింది నాలుగో నిబంధన. ‘తరగతి గదియందు విద్యార్థినీ విద్యార్థులు నిశ్శబ్దమును పాటింపవలెను.’ మన యిళ్ళలో కూడా యిదే నియమం, ముఖ్యంగా ఆడపిల్లలకి. “మా అమ్మాయి నోరెత్తి ఎరగదు” అని మీరే వుత్తరంలో మెచ్చుకున్నారు. ఎదురు చెప్పకు, పెద్దవాళ్ళ మధ్య మాట్లాడకు అని పదిహేడేళ్ళు పెంచి, ఒక్కసారిగా కాలేజీకి పంపుతాం. అక్కడ ల్యాబు పరీక్షలో వైవా అంటారు, సెమినార్ అంటారు, చదువయ్యాక ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటారు. అన్నింటికీ నోరే కావాలి. పిల్లలు కబుర్లు చెప్పుకోకుండా వుండడం ఒకటి, అడగవలసింది అడగకుండా వుండడం మరొకటి. రెండింటినీ ఒకే ‘నిశ్శబ్దము’లో కట్టేశారు. అరవై మందీ కదలకుండా కూర్చుంటే పాఠం ఎక్కడ తెగిపోయిందో చెప్పే లెక్చరరుకి మాత్రం ఎలా తెలుస్తుంది? అడిగినదానికి అందరికంటె ముందు లేచి జవాబు చెప్పిన పిల్ల ఒకతె దొరికింది. ఆమెనే నవ్వి కూర్చోబెట్టారు.

యిక్కడొక విచిత్రం చూడండి. ‘పాటింపవలెను’, ‘ధరింపవలెను’, ‘మ్రోగిన పిమ్మట’ అని ఆ కాలేజీలో ఒక్కరూ మాట్లాడరు. ప్రిన్సిపాలుగారు యింట్లో “కాఫీ యిచ్చెదవా?” అని అడగరు. అయినా ఆ కాగితం చదివి ఎవరూ నవ్వలేదు. రోజూ పది మండలాల జనం మాట్లాడే మాట ఒక పిల్ల నోట వస్తే నవ్వారు.

పోనీ ఆ మాట తప్పా? పుస్తకంలో ‘అయిపోయినది’ అని వుంటుంది. మనం పట్నంలో ‘అయిపోయింది’ అంటాం. అంటే ఆ నకారాన్ని సున్న చేసి మింగేశాం. ఆ పిల్ల ‘అయిపోనాది’ అంది. నకారం నకారంగానే వుంది. ఏది పుస్తకానికి దగ్గరో మీరే చెప్పండి. మా అమ్మమ్మది బొబ్బిలి దగ్గర పల్లె. “ఏటి గుంటా, అన్నం తినీసినావేటి?” అని ఆవిడ అడిగితే మాకు ఆకలి వేసేది. ఆ ల్యాబులో నవ్విన వాళ్ళలో సగం మంది అమ్మమ్మలు యిలాగే మాట్లాడతారని నేను పందెం కాస్తాను. చాసో కథల్లో, రావిశాస్త్రి కథల్లో యీ మాట వస్తే ‘ఆహా’ అంటాం. క్లాసులో వస్తే గొల్లుమంటాం.

యీ తగువు తేలినది కూడా వేరే ఎక్కడో కాదు, మన వైపే. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో మహారాజావారి బడిలో చదివి 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. మరుసటి ఏడు పర్లాకిమిడిలో బడిపంతులయ్యారు. అక్కడ కొండల్లో సవరలు వున్నారు. వాళ్ళ పిల్లలకి తెలుగు రాదు, పంతులుగారికి సవర రాదు. ఆయన ఏం చేశారంటే, రెండు భాషలూ వచ్చిన మనిషిని యింట్లో పెట్టుకుని తానే సవర నేర్చుకున్నారు. ఆ భాషకి పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్ళు పెట్టి వాళ్ళ మాటలోనే చదువు చెప్పించారు. పిల్ల మాట పంతులుకి తెలియకపోతే నేర్చుకోవలసింది పంతులే అని ఆయన లెక్క.

తరవాత 1907 ప్రాంతంలో యేట్సు అనే దొర స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా యీ జిల్లాలకి వచ్చాడు. క్లాసులో చెప్పే తెలుగూ బయట వినే తెలుగూ వేరుగా వున్నాయేమిటి అని అడిగాడు. (మన పిల్లవాడు అడిగి వుంటే బెంచీ ఎక్కించి వుండేవారు. దొర కాబట్టి ఆలోచించారు.) ఆ ప్రశ్నకి జవాబు చెప్పే భారం గిడుగువారి మీదా, విజయనగరం మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పిన గురజాడ అప్పారావుగారి మీదా పడింది. యిద్దరూ విజయనగరంలో కలిసి చదువుకున్నవాళ్ళే. అప్పటికే అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. దానిలో ఎవరి నోట వారి మాటే వుంటుంది. పిల్లలు పరీక్ష కాగితం మీద ఏ తెలుగు రాయాలన్న దాని మీద పెద్ద రభస జరిగి, 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం వారి సంఘంలో ఎక్కువమంది పాత భాష వైపు మొగ్గారు. అప్పారావుగారు ఒప్పుకోక అసమ్మతి పత్రం రాసి యిచ్చారు. మరుసటి ఏడే పోయారు. ఆయన గెలుపు ఆయన చూడలేదు. యీవేళ మీరు నాకు వుత్తరం రాసిందీ, నేను జవాబు రాస్తున్నదీ ఆయన అడిగిన తెలుగులోనే. ఆగస్టు 29, గిడుగువారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. యీ కాలేజీలో కూడా చేసే వుంటారు. దండ వేసి, ఆ పిల్లని నవ్వారు.

కనుక మొదటి ప్రశ్నకి నా జవాబు: మొండితనం కాదు. నలుగురిలో నవ్వులపాలైన పదిహేడేళ్ళ పిల్లకి అది చిన్న మాట కాదు. పైగా రోజూ అదే మాటతో వేధించడం వేళాకోళం కూడా కాదు. మన రాష్ట్రంలో ర్యాగింగు నిషేధ చట్టం 1997లో వచ్చింది. ర్యాగింగంటే పెద్ద క్లాసువాళ్ళు కొట్టడం, తిట్టడం అని చాలామంది అనుకుంటారు. ఒక విద్యార్థికి అవమానం కలిగించే పని కూడా అందులోకి వస్తుందని ఆ చట్టమే చెబుతోంది. తోటి పిల్లల మీద పోలీసుల్ని పంపమని నేననడం లేదు. ఆ మాట ప్రిన్సిపాలుగారి చెవిన వేస్తే విచారించక తప్పదని మాత్రం తెలుసుకోండి.

రెండోది. సర్టిఫికెట్టు వద్దు. డాక్టరుగారు మంచివారే గావచ్చు, మీ మీద అభిమానం కొద్దీ యిస్తానని వుండవచ్చు. కాని లేని జబ్బు కాగితం మీదికి ఎక్కితే వున్న జబ్బు కాగితం కిందికి పోతుంది. యీ సెమిస్టరు గట్టెక్కినా వచ్చే సెమిస్టరుకి మళ్ళీ కడుపునొప్పి కావాలి. అసలు అవసరం కూడా వున్నట్టు లేదు. లెక్క వేసి చూడండి. సెమిస్టరుకి 90 పనిదినాలనుకుంటే 75 వంతుల హాజరుకి 68 రోజులు వెళ్ళాలి. అంటే 22 రోజులు మానవచ్చు. మీరు రాసినదాన్నిబట్టి 16 రోజులు మానింది. యింకా ఆరు రోజుల వెసులుబాటు వుంది. కొన్నిచోట్ల రోజుల్ని గాక గంటల్ని లెక్కిస్తారు, ల్యాబు గంటలు విడిగా చూస్తారు. అది ఆఫీసులో అడిగి రాయించుకోండి. ఫీజు రీయింబర్సుమెంటు వస్తూ వుంటే దానికీ హాజరుకీ వున్న సంబంధం ఏమిటో అప్పుడే తెలుసుకోండి. ఆరు రోజులు చేతిలో వున్న పిల్లకి దొంగ కాగితం ఎందుకు?

మూడోదానికి జవాబు రాయడం కష్టంగా వుంది. యాస మీద నవ్వడం తప్పు అన్నంత మాత్రాన, లోకం రేపటికి మారిపోదు. వైవాలో, ఇంటర్వ్యూలో ఆ పిల్ల ఎదురుగా కూర్చునేవాళ్ళు పట్నం మాటే ఆశిస్తారు. అది కూడా రావాలి. రోజుకో అరగంట పత్రిక పైకి చదివించండి. పాఠంలో ఒక్క పేరా తన మాటల్లో మీకు చెప్పమనండి. మీరు పదో తరగతి వరకే చదివానన్నారు, అదే మేలు. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఎవరికైనా చెప్పగలదు. రెండు నెలల్లో పట్నం మాట దానంతటదే వస్తుంది. కాని ‘పోగొట్టడం’ అన్నారే, ఆ పని చేయకండి. పెళ్ళికి పట్టుచీర కొనుక్కున్నామని యింట్లో కట్టుకునే నేతచీరలు పారేయం కదా. కాలేజీలో ‘అయిపోయింది’ అననివ్వండి, మీ దగ్గరికి వచ్చి ‘అయిపోనాది’ అననివ్వండి. యింట్లో కూడా దిద్దడం మొదలుపెడితే ఆ పిల్లకి మాట్లాడే చోటే మిగలదు.

ఆ లెక్చరరుగారు యీ పత్రిక చూస్తారో చూడరో తెలియదు. చూస్తే ఒక్క మనవి. మీరు నవ్వలేదు, అది మీ మంచితనం. మళ్ళీ అలా జరిగితే, నవ్వు ఆగేదాకా ఒక్క నిమిషం వూరుకుని, ఆ పిల్లనే పిలిచి ప్రయోగం ఎలా చేసిందో అందరికీ చెప్పించండి. ఏ మాటలో చెప్పినా సరే. కాగితం మీద పదిహేనో నిబంధన వేయించడానికి ప్రిన్సిపాలుగారు ఒప్పుకుంటే మరీ మంచిది. ‘ఒకరు మాట్లాడుచుండగా నవ్వరాదు’ అని, మీ భాషలోనే వేయించండి, మాకు అభ్యంతరం లేదు.

అమ్మా, ల్యాబు మంగళవారం అని రాశారు. సోమవారం మీరే పిల్లతో కలిసి బస్సెక్కండి. మీ ఆయన్ని పంపకండి, మీరే వెళ్ళండి. ముందు ఆ లెక్చరరుగారిని చూడండి, జరిగినది జరిగినట్టు చెప్పండి. ఆయన వల్ల కాకపోతే ప్రిన్సిపాలుగారి గది అక్కడే వుంటుంది. మీ మాట విని ఎవరైనా నవ్వుతారేమోనని జంకకండి. పిల్లకి రికార్డు పుస్తకంలో ఎన్ని ప్రయోగాలు వెనకబడ్డాయో ఆదివారమే లెక్క చూసి పెట్టుకోమనండి. మంగళవారం సాయంత్రం ఏమైందో నాకు ఒక కార్డు ముక్క రాయండి.