డుంబ్రిగుడ బడిలో ర్యామ్ చాలట్లేదా?

అరకు ట్రిప్పు వేసొచ్చిన మన సాఫ్ట్‌వేరు జనాలు సోమవారం పొద్దున్న ఆఫీసులో చెప్పే విషయాలు మూడు: బొంగులో చికెన్, చాపరాయి దగ్గర ఫోటోలు, కాఫీ. ఈ మధ్య నాలుగోది కూడా చేరింది. "అక్కడి స్కూలు పిల్లలకి ఏమన్నా చెయ్యాలిరా, పాపం మరీ వెనకబడి ఉన్నారు. ఓ ప్రొజెక్టరో, నాలుగు ట్యాబులో కొనిద్దాం". ఉద్దేశం మంచిదే. నా పేచీ అంతా ఆ "వెనకబడి" అన్న మాటతోనే.

చాపరాయి ఉన్నది డుంబ్రిగుడ మండలంలో. (2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లా, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా.) ఆ చుట్టుపక్కల ఒకటో తరగతిలో చేరే పిల్ల ఇంట్లో మాట్లాడేది చాలాసార్లు తెలుగు కాదు. ఆదివాసీ ఒడియా కావచ్చు, కొండ భాష కావచ్చు, కువి కావచ్చు. మైదానం నుంచి వెళ్ళిన మన చెవికి ఇదంతా ఏదో యాస తెలుగులా వినిపిస్తుంది. కాదండీ బాబూ! కొండ, కువి తెలుగుకి దాయాది భాషలు, యాసలు కావు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు కొండ భాష మీద 1969లో ఏకంగా ఒక పుస్తకమే వేశారు. ఇక ఆదివాసీ ఒడియా అయితే అసలు ద్రావిడ భాషే కాదు. దాయాది భాష అయినంత మాత్రాన అర్థమైపోతే మనందరం కన్నడ సినిమాలు సబ్‌టైటిల్స్ లేకుండా చూసేద్దుము :)

ఇప్పుడు కాస్త మనకి నచ్చే సబ్జెక్టులోకి వద్దాం.

జార్జ్ మిల్లర్ అని ఒక సైకాలజిస్టు 1956లో ఒక పేపరు రాశాడు. మనిషి ఒక్కసారిగా బుర్రలో పట్టి ఉంచగలిగేవి అటూ ఇటూగా ఏడు అంశాలే అని. 2001లో నెల్సన్ కోవన్ వచ్చి ఏడు కూడా ఎక్కువే, నిఖార్సుగా చూస్తే నాలుగే అన్నాడు. ఈ చోటునే వర్కింగ్ మెమరీ అంటారు. వినగానే మనం "ఓహో, ర్యామ్ అన్నమాట" అనేస్తాం. ఆ పోలిక మరీ తప్పేం కాదు, కాగ్నిటివ్ సైకాలజీ మొలకెత్తిందే కంప్యూటర్లు వచ్చిన ఆ రోజుల్లో, ఆ పరిభాషతోనే. కానీ ఒకచోట ఈ పోలిక దారుణంగా తప్పుతుంది. నేను చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్కచోటే ఉంది.

ఈ అంకెలు ఒక్కసారి చదివి, కళ్ళు మూసుకుని అప్పచెప్పండి: 1 9 4 7 1 9 5 0 1 9 5 6. పన్నెండు అంకెలు. ఏడు దాటిపోయాయి, నాలుగు ఎప్పుడో దాటిపోయాయి. అయినా మీరు చెప్పేస్తారు. స్వాతంత్ర్యం, రిపబ్లిక్, ఆంధ్రప్రదేశ్ అవతరణ. పన్నెండు కాస్తా మూడైపోయాయి. దీన్నే చంకింగ్ అంటారు. ఆ మూడు తేదీలూ మీ బుర్రలో ముందే ఉన్నాయి కాబట్టి కుదిరింది. లేనివాడికి అవి పన్నెండే.

ర్యామ్ అలా కాదు కదా. ఎనిమిది జీబీ అంటే ఎనిమిది జీబీయే. లోపల పెట్టింది త్యాగరాజ కృతి అయినా, పిచ్చి గీతలైనా బైట్లు బైట్లే. మనిషి విషయంలో మాత్రం ఎంత పడుతుందన్నది పెట్టెను బట్టి కాదు, ముందే ఏం తెలుసన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు రెండో తరగతిలో మాస్టారు ఒక లెక్క చెప్పారనుకోండి. "రాము దగ్గర పన్నెండు మామిడిపళ్ళు ఉన్నాయి. అయిదు తమ్ముడికిచ్చాడు. ఇంకా ఎన్ని మిగిలాయి?" తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లకి ఇందులో మొయ్యాల్సినవి రెండు అంకెలు, ఒక ప్రశ్న. ఆదివాసీ ఒడియా ఇంట్లో పుట్టిన పిల్లకో? "దగ్గర" ఏమిటి, "తమ్ముడికిచ్చాడు" అంటే ఇచ్చింది ఎవరు, పుచ్చుకుంది ఎవరు, "మిగిలాయి" అంటే ఏమిటి. ఉన్న నాలుగు గళ్ళూ మాటలతోనే నిండిపోయాయి. "మిగిలాయి" దగ్గరికి వచ్చేసరికి పన్నెండు జారిపోయింది. మనం సర్వర్లలో చూస్తుంటామే, పని ఏమీ జరగదు, మెషీన్ మాత్రం ఊపిరాడకుండా స్వాపింగ్ చేసుకుంటూ ఉంటుంది, అదీ పరిస్థితి. రిజిస్టరులో మాత్రం "లెక్కలు రావు" అని పడుతుంది.

లెక్కలు రాకేం? మన్యం సంతల్లో అమ్మ పక్కన కూర్చుని పసుపో, చింతపండో అమ్మే పిల్లల్ని గమనించండి. 1985లో బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో కొబ్బరికాయలూ అవీ అమ్ముకునే పిల్లలతో ముగ్గురు పరిశోధకులు ఇదే చూశారు. బండి దగ్గర అడిగితే 98 శాతం జవాబులు సరిగ్గా చెప్పారు. అవే లెక్కల్ని కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే 37 శాతం. చూసింది అయిదుగురు పిల్లల్నే, అప్పట్లో అదొక సణుగుడు ఉండేది. 2025లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పెద్ద ఎత్తున చూస్తే అక్కడా అదే కథ. పైగా ఇంకో తమాషా: బడికి మాత్రమే వెళ్ళే పిల్లలు బజారు లెక్కల దగ్గర చతికిలబడ్డారు! అంటే ఎవరు వెనకబడ్డారన్నది మనం ఎక్కడ నిలబడి అడుగుతున్నామో దాన్ని బట్టి ఉందన్నమాట.

ఇంకొక్క ఉదాహరణ చెప్పి ఆపుతాను. బ్రిటన్‌లోని వేల్స్‌లో తెలివితేటల పరీక్ష పెట్టినప్పుడు, విన్న అంకెలు తిరిగి చెప్పే భాగంలో వెల్ష్ పిల్లలకి మార్కులు తక్కువ వచ్చేవి. 1980లో ఎలిస్, హెనెలీ అనే ఇద్దరు కారణం పట్టుకున్నారు. వెల్ష్‌లో అంకెల పేర్లు పలకడానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది. మనం మనసులో సంఖ్యల్ని పలుక్కుంటూ గుర్తుంచుకుంటాం కాబట్టి, ఆ సాగతీతలో ఒకటో రెండో జారిపోతాయి. అంతే! కొలబద్దలో ఉన్న తేడాని ఇన్నాళ్ళూ పిల్లల ఖాతాలో రాశారు.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియదా అంటే తెలుసు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకి సౌకర్యం కల్పించాలని రాజ్యాంగంలో 350-ఎ అధికరణం 1956 నుంచీ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే, వాచకాలు తయారు చేయించారు. కొండ, కువి, ఆదివాసీ ఒడియా మూడూ అందులో ఉన్నాయి. మంచి పని. కానీ పుస్తకం అచ్చెయ్యడం సులువు, దాన్ని ఆ భాషలో చెప్పే మనిషిని అయిదేళ్ళపాటు ఆ బడిలో ఉంచడం కష్టం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చే 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషను చెల్లదన్న తీర్పులోని తర్కం వేరే చర్చ. నేను చూసేదల్లా ఒకటే, ఆ బళ్ళోకి పిల్ల భాష వచ్చిన మాస్టారు వచ్చే అవకాశం దాంతో ఇంకాస్త తగ్గింది.

"మరి ఇంగ్లీషు రాకపోతే రేపు ఉద్యోగం ఎలా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. డుంబ్రిగుడలో తల్లిదండ్రులని అడిగినా ఇంగ్లీషు మీడియమే కావాలంటారు, మన పిల్లలకి మనం కోరుకున్నదే కదా, తప్పు పట్టే హక్కు మనకి లేదు. కానీ సొంత భాషలో మొదలుపెడితే రెండో భాష రాదన్నది వట్టి అపోహ. కొత్త భాషలో ఆటపాటలకి సరిపడా మాటలు ఏడాది రెండేళ్ళలో వస్తాయి, పాఠం అర్థమయ్యే స్థాయికి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుందని జిమ్ కమిన్స్ 1980లలోనే చెప్పాడు. ఆ ఏడేళ్ళూ లెక్కలూ సైన్సూ ఆగి కూర్చోవు కదా! పక్కనే ఒడిశాలో అజిత్ మొహంతి గారు కోంధు పిల్లల్ని పరిశీలించి, కుయి, ఒడియా రెండూ వచ్చినవాళ్ళు ఒడియా ఒక్కటే వచ్చినవాళ్ళకంటే బుర్రకి పదును పెట్టే పనుల్లో ముందున్నారని చూపించారు. రెండు భాషలు బరువు కాలేదు, ఒకటి తీసేసి ఇంకోటి పెడితేనే బరువు.

అన్నట్టు, ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది గిడుగు రామమూర్తి గారి పేరనే. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన యుద్ధం అందరికీ గుర్తే. అంతకుముందే పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం సవరలోనే పుస్తకాలు రాసి, బడులు పెట్టించిన సంగతి మాత్రం ఆ రోజు ఉపన్యాసాల్లో ఎందుకో చివరి పేరాలోకి పోతుంది.

కాబట్టి అయ్యా, ప్రొజెక్టరు కొనేముందు ఆ బడి హెడ్మాస్టరుకి ఒక ఫోను చెయ్యండి. "మీ ఒకటో తరగతి పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? ఆ భాష వచ్చినవాళ్ళు బడిలో ఎవరైనా ఉన్నారా?" అని అడగండి. లేరంటే, ట్యాబులకని పోగుచేసిన డబ్బుతో ఆ ఊళ్ళోనే ఇంటర్ చదివిన ఒక అమ్మాయికి కొన్నాళ్ళు జీతం ఇవ్వొచ్చు. ఉన్నారంటే ప్రొజెక్టరు నిక్షేపంగా కొనండి, దాన్లో వేసే వీడియోకి గొంతు ఆ అమ్మాయిదే పెట్టించండి.