నీరు పల్లమెరుగు, డ్రిప్ డిజైన్లే ఎరగవు

డ్రిప్ వేసినా వేరుశనగ దిగుబడి రాలేదంటే తప్పంతా రైతు మీదికే నెడుతున్నారు. వాడటం చేతకాలేదంటారు, ఫిల్టరు కడగలేదంటారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు మించి వాన ఎరగని అనంతపురం రైతుకు నీటి విలువ ఒకరు నేర్పాలా?

డ్రిప్‌కు మనం వ్యతిరేకం కాదు. వాలు చేలో కాలువ పారిస్తే పైమన్ను కొట్టుకుపోతుంది, మెరక తడిసేలోగా పల్లం జవుకెక్కుతుంది. డ్రిప్ మేలని మనకు తెలుసు. చేను వాలు కొలవకుండా, అన్ని పొలాలకూ ఒకే కొలతతో పైపులు పరిచి పోవడమే మన అభ్యంతరం.

లెక్క చూడండి. 10 మీటర్ల ఎత్తు తేడాకు 1 కిలో ఒత్తిడి మారుతుంది. చేనుకు మెరక నుంచి పల్లానికి 5 మీటర్ల తేడా ఉంటే అర కిలో. మెరకలో 1 కిలో ఒత్తిడికి గంటకు 4 లీటర్లు వదిలే మామూలు డ్రిప్పరు, పల్లంలో ఒకటిన్నర కిలోకు 5 లీటర్ల దగ్గరికి పోతుంది. పైగా మోటారు ఆగిన ప్రతిసారీ పైపుల్లో నిలిచిన నీరు పల్లపు డ్రిప్పర్ల గుండానే కారిపోతుంది. కరెంటు ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు మెరకకు అన్యాయం.

విత్తిన 30 రోజుల నుంచి 80 రోజుల దాకా, పూత, ఊడలు, గింజ కట్టే దశల్లోనే వేరుశనగకు తేమ ముఖ్యం. అప్పుడు మెరకలో నేల గట్టిపడి ఊడలు దిగవు. పల్లంలో తేమ ఎక్కువై మొదళ్లు, కాయలు కుళ్లుతాయి. ఒకే చేలో ఎండుడూ కుళ్లుడూ కనబడితే అది రైతు చేతకానితనం కాదు, డిజైన్ లోపం.

దీనికి మందు లేక కాదు. లేటరల్ పైపులు వాలుకు అడ్డంగా వేయాలి. సబ్‌మెయిన్ వాలు వెంట దించి, ఎత్తును బట్టి చేనును బ్లాకులుగా విడదీసి, ఒక్కో బ్లాకుకు ఒక్కో వాల్వు పెట్టాలి. ఒత్తిడి మారినా నీరు సమంగా వదిలే పీసీ డ్రిప్పర్లు ఇవ్వాలి. ఇవన్నీ ఇంజినీర్లకు తెలిసినవే. ఖర్చు ఎక్కువని తప్పించుకుంటున్నారు. సగం చేను పండని డ్రిప్‌కు పోసిన ప్రజాధనం ఖర్చు కాదా?

సబ్సిడీ మాటలోనూ మెలిక ఉంది. చిన్న, సన్నకారు రైతుకు కేంద్ర పథకంలో 55 శాతం, మిగతావారికి 45 శాతం అంటారు. ఆ శాతం మనకయ్యే ఖర్చు మీద కాదు, వాళ్లు కట్టిన యూనిట్ కాస్ట్ మీద. చీనీ తోటలో 6 మీటర్లకు ఒక పైపు వేస్తే ఎకరాకు 700 మీటర్లు చాలు. వేరుశనగకు 60 సెంటీమీటర్లకు ఒకటి వేస్తే 6,700 మీటర్లు కావాలి. యూనిట్ కాస్ట్ దాటిన ప్రతి రూపాయీ రైతు నెత్తినే పడుతుంది.

అందుకే మన డిమాండ్లు:

1. లెవెల్ సర్వే చేయకుండా ఏ వాలు చేనుకూ డ్రిప్ మంజూరు చేయరాదు. లేఔట్ కాపీ తెలుగులో రైతు చేతికివ్వాలి.
2. వాలు పొలాలకు పీసీ డ్రిప్పర్లు, బ్లాకు వాల్వులు సబ్సిడీలోనే ఇవ్వాలి.
3. వేరుశనగ సాళ్ల దూరానికి తగ్గట్టు యూనిట్ కాస్ట్ పెంచాలి.
4. మెరకలో, పల్లంలో నీరు కొలిచి, సమంగా వస్తోందని రైతు ఒప్పుకున్నాకే కంపెనీకి బిల్లు చెల్లించాలి.

సభ్యులారా, ఇప్పటికే డ్రిప్ ఉన్నవారు మెరకలో, నడుమ, పల్లంలో ఒక్కో డ్రిప్పరు కింద గిన్నె పెట్టి పావుగంట నీరు పట్టండి. కొలిచి రాసి మండల కమిటీకి ఇవ్వండి. కొత్తగా వేయించుకునేవారు లేఔట్ చూడకుండా, నీరు కొలవకుండా పని పూర్తయిందని సంతకం పెట్టకండి. ఊరూరి కొలతలు చేతబట్టుకుని అధికారుల ముందు కూర్చుందాం. అప్పుడు తప్పు ఎవరిదో వాళ్లే చెప్పాలి.