పురిటిగది అల్మారీ

పోయినవారం ప్రబంధ నాయికల అలకల గురించి రాస్తానని మాట ఇచ్చాను. ఆ నాయికలూ, పాఠకులూ ఈ వారానికి నన్ను మన్నించాలి. మా ఇంట్లో ఒక అల్మారీ అడ్డం వచ్చింది.

మానుకోటలో మాది పాతకాలపు ఇల్లు. (2016లో జిల్లా అయినప్పుడూ మహబూబాబాద్ అనే పేరు పెట్టారు గాని, మా అమ్మకు మాత్రం ఊరు మానుకోటే.) మూరన్నర మందం మట్టిగోడలు, టేకు దూలాలు, పైన గూనపెంకులు. వెనకవైపు చిన్నగదిలో గోడలోనే కట్టిన అల్మారీ ఉంది. రెండున్నర అడుగుల వెడల్పు, మూరెడు లోతు, నాలుగు అరలు. ఒకప్పుడు మా ఇంటి పురుళ్ళన్నీ ఆ గదిలోనే. ఇప్పుడు పురుళ్ళు ఆసుపత్రిలోనే గాని, బాలింతా బిడ్డా వచ్చి పడుకునేది అక్కడే. మా అమ్మాయి వచ్చే నెల పురిటికి వస్తోంది. పుట్టబోయే బిడ్డకు ముందుగా కొత్తబట్ట కొనడం మా ఇళ్ళలో లేదు. అరలు బాగుచేసుకోవడానికి ఏ శాస్త్రమూ అడ్డు రాదు గదా అని, వేసవి సెలవులు ఇవ్వగానే కొంగు బిగించాను.

మేస్త్రీ వచ్చి లోపలి గోడను గోరుతో గీకి, "సిమెంటు కొట్టిస్తే మల్ల చూసే పని లేదు మేడం" అన్నాడు. వద్దన్నాను. మట్టిగోడ తేమను పీల్చుకుంటుంది, ఎండకు వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే చిక్కుకుని, కొన్నాళ్ళకు పూతతో సహా గోడే ఊడి వస్తుంది. మంచి సున్నం తడిపించి, వడగట్టించి మూడు పూతలు వేయించాను. సున్నపు క్షారానికి బూజు ఓర్చలేదు. తడి సున్నం కంట్లో పడితే మాత్రం ప్రమాదం గనుక, పని అయ్యేదాకా వీధి పిల్లలకు గది నిషిద్ధం. తరువాత మూడువారాలు అల్మారీని తెరిచే ఉంచాం.

తలుపుల దగ్గర కొంచెం ఆలోచించవలసి వచ్చింది. ఎన్ని తరాల ఆకుపచ్చ రంగో, పొరలు పొరలుగా పెచ్చులు లేస్తోంది. పాత రంగుల్లో సీసం ఉండడం మామూలు. మన దేశంలో రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళకు 90 మించరాదన్న నిబంధన 2016లో చేశారు. అమలైంది 2017 నవంబరు 1 నుంచి. అంతకుముందటి డబ్బాల సంగతి ఎవరికెరుక? ఉప్పుకాగితం పెట్టి రుద్దితే ఆ దుమ్ము పసివాళ్ళ నోట్లోకే పోతుంది. వడ్లాయన రుద్దబోతుంటే ఆపి, తలుపులు బందులతో సహా ఊడదీయించి, తడిగుడ్డతో నేలంతా తుడిపించాను. ఇప్పుడు అక్కడ నా పాత నేతచీర తెరగా వేలాడుతోంది. అందం మాట దేవుడెరుగు, చేతికి హాయిగా ఉంది.

సర్దడంలో పెద్ద విద్యేమీ లేదు. బాలింత వంగకుండా, చేతులెత్తకుండా అందుకునే అరలో పొత్తిగుడ్డలు, మందులూ నూనెసీసాలూ అన్నిటికన్నా పైన, పక్కబట్టలు కింద.

ఆ పొత్తిగుడ్డల దగ్గరే అసలు కథ మొదలయింది. అమ్మ ఎన్నాళ్ళుగానో దాచిన మూట తెచ్చింది. నాన్నగారి మెత్తని ధోవతులు, ఆమె నూలుచీరలు. మూట విప్పగానే కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది.

"ఇవి బిడ్డకు వద్దమ్మా" అన్నాను.

"ఎందుకే? పురుగు కొట్టకుంట నేనే పెట్టిన."

మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే స్నేహితురాలి వల్ల ఆ సంగతి నాకు తెలుసు. కొందరికి పుట్టుకతోనే ఎర్రరక్తకణాలను కాపాడే జి-6-పి-డి అనే పదార్థం చాలినంత ఉండదు. అటువంటి పసికందుకు కలరా ఉండల నాఫ్తలీను ఆవిరి తగిలినా, ఆ బట్టలు చుట్టినా, రక్తకణాలు విరిగి కామెర్లు ముదురుతాయి. మెదడుకే ముప్పు రావచ్చు. ఈ లోపం తల్లివైపు నుంచి ఎక్కువగా మగపిల్లలకు దిగుతుంది.

ఇంతవరకూ పాఠం చెప్పినట్టు చెప్పేశాను. అమ్మ ముఖం చూసి నాలుక కరుచుకున్నాను. నాకు అయిదేళ్ళప్పుడు ఈ గదిలోనే నాకొక తమ్ముడు పుట్టాడు. తొట్టెల కాకముందే పోయాడు. వాడి మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"గప్పుడు గుడ గీ వాసననే ఉండె" అన్నది అమ్మ.

"దానివల్లనే అని ఎవరూ చెప్పలేరమ్మా. పసివాళ్ళకు కామెర్లు వంద కారణాలతో వస్తాయి" అన్నాను. అది అబద్ధం కాదు. నిజమంతా కూడా కాదు. ఎందుకంటే, వాడికి ఆ లోపమే ఉండి ఉంటే అది అమ్మనుంచి నాకూ, నానుంచి మా అమ్మాయికీ వచ్చి ఉండవచ్చు. డాక్టరమ్మ అడిగినప్పుడు "మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేవండీ" అని నేనే చెప్పి వచ్చాను. బిడ్డ పుట్టగానే ఒక రక్తపరీక్షతో తేలిపోయే సంగతి. కాని చెప్పాలంటే వాడి సంగతి నాకు సరిగా తెలియదు. తెలిసిన మనిషి ఒక్కతే.

ఆ సాయంత్రం అమ్మ కలరా ఉండలన్నీ ఏరి దూరంగా గుంటతీసి పూడ్చింది. బట్టలు వేడినీళ్ళలో నానబెట్టింది. ఎన్ని ఎండలు తగలాలని అడిగింది. వాసన పూర్తిగా పోయేదాకా అన్నాను. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

"కాయితం తెచ్చుకో. రెండో దినం కండ్లు పచ్చగైనయి. రాసుకో."