బొమ్మ అంటే ఒక చట్టం, తుపాకీ అంటే మరో చట్టం



విదేశీ వస్తువుల మీద మనవాళ్ళకు మోజు ఈనాటిది కాదు. గల్ఫ్ నుంచి వచ్చే మామయ్య తెచ్చే టేప్ రికార్డరు కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసిన రోజులున్నాయి. 1968 నుంచి 1990 దాకా బంగారం మీదే నియంత్రణ చట్టం నడిపిన దేశం మనది. 1991 తరువాత తలుపులు తెరుచుకున్నాయి. ఇప్పుడు మామయ్య అక్కర్లేదు. సెల్‌ఫోను మీద వేలు నొక్కితే చాలు, హాంకాంగులోని దుకాణం నుంచి చిక్కడపల్లి సందులోకి పార్సెల్ బయలుదేరుతుంది. బయలుదేరడం నిజమే గాని, చేరుతుందా అన్నదే ప్రశ్న.

పార్సెళ్ళలో పుస్తకాలు వస్తాయి, బూట్లు వస్తాయి. వాటి సంగతి నేనెత్తడం లేదు. నేను చెప్పదలచుకున్నది 'ఎయిర్‌సాఫ్ట్' తుపాకుల గురించి. ఈ ఆట 1970లలో జపానులో పుట్టింది. అక్కడ 1958 నాటి చట్టం వల్ల సామాన్యుడికి తుపాకీ దొరకడం దాదాపు అసాధ్యం. కోరిక మాత్రం చట్టం చెప్తే పోదు కదా! అందుకని అచ్చం అసలు తుపాకీలాగే కనిపిస్తూ, 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండును విసిరే వస్తువును తయారు చేశారు. స్ప్రింగుతోనో, గ్యాసుతోనో, బ్యాటరీ మోటారుతోనో అది పనిచేస్తుంది. దాని దెబ్బ సాధారణంగా ఒక జౌలు శక్తికి అటూ ఇటూ ఉంటుంది. జపాను ప్రభుత్వం 2006లో చట్టం సవరించి ఆ హద్దును గట్టిగా గీసింది కూడా.

మన కుర్రవాళ్ళకు దీనిమీద మనసు పోవడంలో వింత లేదు. ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్‌లో నిలబడి పోస్టర్లు చూడండి, హీరో చేతిలో తుపాకీ లేని సినిమా ఎన్నింటికొకటో! సెల్‌ఫోనులో ఆటలు సరేసరి. నుమాయిష్‌కు వెళితే బుడగలు పేల్చే స్టాలు దగ్గర నిలబడని కుర్రాడు ఉండడు. గురి చూసి కొట్టాలన్న కోరిక దురలవాటు కాదు. మత్స్యయంత్రం కొట్టిన అర్జునుణ్ణి మెచ్చుకుంటూ పెరిగిన జాతి మనది. కోరిక తప్పని నేననను. అది తీర్చుకోవడానికి మనకున్న దారి ఏమిటన్నదే నా బాధ.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1959 నాటి ఆయుధాల చట్టంలో 10వ సెక్షను, లైసెన్సు లేకుండా ఆయుధాలు దిగుమతి చేయరాదని చెప్తుంది. 2016లో వచ్చిన ఆయుధ నిబంధనలు గాలి తుపాకులకు రెండు కొలతలు పెట్టాయి. శక్తి 20 జౌళ్ళు మించినా, గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు మించినా లైసెన్సు కావాలి. ఇప్పుడు ఎయిర్‌సాఫ్ట్‌ను ఈ తక్కెడలో పెట్టండి. శక్తి చూస్తే హద్దులో ఇరవయ్యో వంతు. పిచ్చుకకైనా సరిగ్గా తగలదు. గొట్టం చూస్తే 6 మిల్లీమీటర్లు, హద్దు దాటింది! మన దేశంలోనే తయారైన, 20 జౌళ్ళ లోపు 4.5 మిల్లీమీటర్ల గాలి రైఫిలును గుర్తింపు పత్రం చూపించి లైసెన్సు లేకుండానే కొనుక్కోవచ్చు. అందులో ఇరవయ్యో వంతు దెబ్బ కొట్టే ప్లాస్టిక్ గుండు తుపాకీ మాత్రం నిబంధనల అక్షరానికి చిక్కుకుంటుంది. పైగా అసలు తుపాకీకి నకలుగా కనిపించే వస్తువులనూ ఆ నిబంధనలు ఊరికే వదిలిపెట్టలేదు.

"తుపాకీ అని ఎందుకంటావురా, బొమ్మ అని రాయిస్తే సరి!" అనే తెలివైనవాళ్ళు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. విదేశీ దుకాణదారు కూడా పెట్టె మీద 'బొమ్మ' అనే రాసి పంపిస్తాడు, అతనికి పోయేదేముంది? కాని 14 ఏళ్ళ లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. దిగుమతి బొమ్మలకూ అంతే. సుంకం చూస్తే, 2020లో బొమ్మల మీద 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. కాబట్టి బొమ్మ అంటే ఆ చట్టం పట్టుకుంటుంది, తుపాకీ అంటే ఈ చట్టం పట్టుకుంటుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఉన్నదొకటైతే రాసింది మరొకటని తేలితే, 1962 నాటి కస్టమ్స్ చట్టం 111వ సెక్షను కింద సరుకు జప్తు, 112వ సెక్షను కింద జరిమానా రెండూ ఉన్నాయి. రాసింది అక్కడెక్కడో ఉన్న దుకాణదారు, జవాబు చెప్పవలసింది ఇక్కడ మనం. పార్సెల్ మన పేరుమీద, మన ఆధార్ నంబరు మీద వస్తుంది మరి!

పోతే పోయింది డబ్బే కదా అనుకునేవాళ్ళు ఒక్కసారి అశోక్ నగర్ వైపు చూడండి. ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుని, పొద్దున్నే సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు కోసం వరుసలో నిలబడి, ఇంటి దగ్గర నాన్న పంపిన డబ్బును టిఫిను నుంచి టెస్టు సిరీసు దాకా లెక్కపెట్టి ఖర్చుపెట్టే అన్నలు, అక్కలు ఎంతమంది! గ్రూప్స్‌కు, ఎస్.ఐ. పరీక్షకు, సివిల్స్‌కు చదివేవాళ్ళు. మనలో చాలామంది డిగ్రీ అయిపోగానే ఆ గదులకు చేరవలసినవాళ్ళమే. ఉద్యోగం వచ్చాక ఒక ధ్రువీకరణ పత్రం నింపాలి. "మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా?" అని అందులో అడుగుతారు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయంలో సూత్రాలు చెప్పింది. నిజం దాచకూడదు, చిన్న కేసయితే ఉద్యోగమిచ్చే శాఖ క్షమించవచ్చునంది. క్షమించవచ్చు అంటే క్షమించి తీరాలని కాదు. అయిదేళ్ళు కూర్చుని చదివిన చదువు ఒక ప్లాస్టిక్ బొమ్మ కోసం ఎవరి దయ మీదనో ఆధారపడడం అవసరమా? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కాదా?

"హాని లేని వస్తువు మీద ఇంత రాద్ధాంతమా?" అని మరికొందరు అంటారు. ఈ మాటలో సగం నిజముంది. ఒక జౌలు గుండు ఒంటికి తగిలితే చురుక్కుమంటుంది, అంతే. కంటికి తగిలితే మాత్రం అంతటితో పోదు. అందుకే ఆ ఆట ఆడేవాళ్ళు కళ్ళజోడు లేనిదే మైదానంలో అడుగు పెట్టరు. అయినా అసలు ప్రమాదం గుండులో లేదు, రూపంలో ఉంది. 2014 నవంబరులో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో టామిర్ రైస్ అనే 12 ఏళ్ళ పిల్లవాడు పార్కులో ఎయిర్‌సాఫ్ట్ తుపాకీతో ఆడుకుంటున్నాడు. అక్కడి చట్టం ప్రకారం అలాంటి తుపాకీ కొనకు నారింజ రంగు ఉండాలి. దానికి ఆ రంగు లేదు. కారులో వచ్చిన పోలీసు దిగీ దిగగానే కాల్చాడు. పిల్లవాడు మరునాడు చనిపోయాడు. నారాయణగూడ ఫ్లైఓవరు కింద సాయంత్రం పూట ఉండే రద్దీలో అలాంటి వస్తువు ఒకడి సంచిలోంచి బయటకు కనపడితే చూసినవాళ్ళు బొమ్మ అనుకుంటారా? ఎవరూ దగ్గరికి వచ్చి గొట్టం కొలిచి చూడరు.

కనుక కస్టమ్సువాళ్ళు ఆపడమే తప్పని నేను వాదించడం లేదు. ఆపవలసినదాన్ని ఆపడం వాళ్ళ ధర్మం. అయితే ఏది ఆపుతారో, ఏది వదులుతారో ముందే సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పడం కూడా ప్రభుత్వ ధర్మమే. ఆయుధాల చట్టం ఒక శాఖది, కస్టమ్సు మరో శాఖది, బొమ్మల ముద్ర ఇంకో శాఖది. ఈ మూడూ కలిపి ఒక్క కాగితం మీద, తెలుగులో, ఉర్దూలో, హిందీలో, "ఇది తెప్పించుకోవచ్చు, ఇది తెప్పించుకోకూడదు" అని రాసి పెడితే ఎంత డబ్బు, ఎంత భయం మిగులుతాయి! చట్టం తెలియదనడం సాకు కాదంటారు. ఒప్పుకుందాం. చట్టాన్ని చదివితే తెలిసేలా రాయకపోవడం మాత్రం సాకు ఎలా అవుతుంది?

ఇప్పటికే పార్సెల్ చిక్కుకున్నవాళ్ళకు రెండు మాటలు. భయపడి ఫోను ఆపేసుకుని కూర్చోకండి. "నేను మాట్లాడి విడిపిస్తాను, ఇంత పంపు" అని ఫోను చేసే మధ్యవర్తికి పైసా ఇవ్వకండి. జప్తు చేసేముందు కారణాలు చెప్తూ నోటీసు ఇవ్వాలని, మన వాదన వినాలని కస్టమ్స్ చట్టం 124వ సెక్షను చెప్తుంది. జప్తుకు బదులు జరిమానా కట్టే అవకాశం 125వ సెక్షనులో ఉంది. అయితే నిషేధం ఉన్న సరుకు విషయంలో అది అధికారి విచక్షణ. ఉత్తర్వు నచ్చకపోతే 60 రోజులలోగా కమిషనర్ (అప్పీల్స్) దగ్గరకు వెళ్ళవచ్చు. నోటీసుకు ఉన్నదున్నట్టు జవాబు రాయండి. వీలైతే మన లా కాలేజీ మిత్రులకు ఒకసారి చూపించండి.

ఇక అసలు విషయానికి వస్తాను. గురి చూసే ఆట మన ఊరికి పరాయిది కాదు. గగన్ నారంగ్ 1983లో చెన్నైలో పుట్టాడు, పెరిగింది హైదరాబాదులో. రెండేళ్ళ వయసులో మెరీనా బీచిలో బొమ్మ పిస్తోలుతో బుడగలు పేల్చిన పిల్లవాడు, 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల గాలి రైఫిలు పోటీలో కాంస్యం తెచ్చాడు. అతనికి రైఫిలు కొనడానికి తండ్రి ఇంటి స్థలం అమ్ముకున్నాడని లోకమంతా చెప్పుకుంది. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ళకే జాతీయ ఛాంపియను అయింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. వినికిడి లోపమున్న ధనుష్ శ్రీకాంత్ ఈ ఊళ్ళోనే సాధన చేసి 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో బంగారు పతకం కొట్టాడు. వీళ్ళను చూసి గర్వపడదాం. అయితే స్థలం లేని తండ్రి ఏం అమ్మాలి అని కూడా ఒక్కసారి అడుగుదాం.

పోటీలకు పనికివచ్చే జర్మను రైఫిలు లక్షల రూపాయలు. జాతీయ పోటీలలో నిర్ణీత స్కోరు సాధించినవాళ్ళకు రైఫిల్ సంఘం సిఫారసుతో దిగుమతికి దారి ఉంది, సుంకంలో మినహాయింపు ఉంది. మంచిదే. మరి ఆ స్కోరు రావాలంటే ముందు చేతిలో తుపాకీ ఉండాలి కదా! తుపాకీ కావాలంటే స్కోరు, స్కోరు కావాలంటే తుపాకీ. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు! ప్రభుత్వ రేంజికి వెళ్ళి నేర్చుకుందామంటే అది గచ్చిబౌలి వైపు ఉంది. నారాయణగూడ నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. క్లాసులు ఎగ్గొట్టి రెండు బస్సులు మారి రోజూ ఎవరు వెళ్ళగలరు? సరైన తలుపు అంత దూరంలో ఉంటే, కుర్రవాడు దగ్గర్లో ఉన్న దొడ్డిదారి వెతుక్కుంటాడు. సెల్‌ఫోనులోని విదేశీ దుకాణం ఆ దొడ్డిదారే.

అందుచేత నా ప్రతిపాదన ఇది. 10 మీటర్ల గాలి రైఫిలుకు మైదానం అక్కర్లేదు, పొడవాటి గది చాలు. వెనుక గట్టి గోడ, గుండు బయటికి పోకుండా పట్టే ఇనుప పెట్టె, నిలబడే గీత, తాళం వేసే బీరువా, గీత దాటితే ఊరుకోని శిక్షకుడు. ఇవి ఉంటే ఒక చిన్న రేంజి తయారు. అందులో దేశంలోనే తయారైన నాలుగు రైఫిళ్ళు కళాశాల పేరుమీద ఉంటే నలభైమంది వంతులవారీగా సాధన చేయవచ్చు. దిగుమతి లేదు, కస్టమ్సు లేదు, ఎవరి సంచిలోనూ తుపాకీ లేదు. మన ఎన్.సి.సి. కేడెట్లకు పాయింట్ 22 రైఫిలు పేల్చడం క్యాంపుల్లో నేర్పుతూనే ఉన్నారు. ఆ క్రమశిక్షణ తెలిసినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. పోలీసు అనుమతి, రాష్ట్ర రైఫిల్ సంఘం సలహా తీసుకుని నడిపిస్తే చట్టానికి లోబడే అంతా జరుగుతుంది.

ఒక్క కళాశాలకు ఈ ఖర్చు భారమైతే చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్‌లలోని కళాశాలలన్నీ కలిసి ఒక్కటి పెట్టుకోవచ్చు. వార్షికోత్సవానికి మైకులకు, పూలదండలకు, షామియానాలకు చందాలు వసూలు చేసే సంఘాలు మనవి. అందులో కొంత భాగం ఏడాది పొడవునా పనికివచ్చే ఒక గదికి మళ్ళిస్తే ఏం తరుగుతుంది? పోటీ కార్డు మీద రైఫిలు ఆటగాడు కొట్టవలసిన పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. ఆ చుక్క కోసం ఊపిరి బిగబట్టి నిలబడడం నేర్చుకున్నవాడికి వీధిలో తుపాకీ చూపించి గొప్పలు పోవాలనే బుద్ధి పుట్టదు.

వచ్చే ఏడు ఎన్నికయ్యే కార్యవర్గ మిత్రులు తమ మేనిఫెస్టోలో ఈ ఒక్క వాక్యం చేర్చాలని నా మనవి: "మన విద్యార్థులకు పది మీటర్ల రేంజి." ఓటడగడానికి వచ్చినప్పుడు మనమంతా దాని సంగతే ముందుగా అడుగుదాం.