ఆకారం ఎరిగిన తరువాతే ఆయుధం

పసిబిడ్డ డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తున్న రాత్రి తల్లికి ఎంత దీర్ఘమైనదో వేరే చెప్పనక్కరలేదు. శిశువుల్లో ఇటువంటి శ్వాసబాధకు ప్రధాన కారణాలలో ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ ఒకటి. దానికి సరైన టీకా రావడానికి అర్ధశతాబ్దికి పైగా పట్టింది. ఆ ఆలస్యంలో మనం గ్రహించవలసిన విషయం ఉంది.

1966లో అమెరికాలో కొందరు శిశువులకు ఒక ప్రయోగ టీకా ఇచ్చారు. ఫార్మలిన్‌తో వైరస్‌ను చంపి దానిని తయారుచేశారు. పోలియో విషయంలో ఆ పద్ధతి అప్పటికే ఫలించి ఉంది. కాని తరువాత ఆర్‌ఎస్‌వీ సోకినప్పుడు టీకా పొందిన పిల్లలే ఎక్కువగా జబ్బుపడ్డారు. ఒక బృందంలో అలా వ్యాధి సోకినవారిలో 80 శాతం మంది ఆసుపత్రి పాలయ్యారు. ఇద్దరు పసివారు మరణించారు.

ఎందుకిలా జరిగింది? ఈ వైరస్ ఉపరితలంపై ‘ఎఫ్’ అనే ప్రోటీన్ ఉంటుంది. మన కణంలోకి చొరబడక ముందు దానిది ఒక రూపం, చొరబడిన తరువాత మరొకటి. మొదటి రూపం బహు అస్థిరం. వైరస్‌ను బలంగా అడ్డుకోగల యాంటీబాడీలు ముఖ్యంగా గుర్తించేది ఆ రూపాన్నే. చంపిన టీకాలో అది నిలవలేదు. శరీరం యాంటీబాడీలను తయారుచేసింది గాని, అవి వైరస్‌ను ఆపలేకపోయాయి.

2013లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన జేసన్ మెక్‌లెల్లన్, పీటర్ క్వాంగ్, బార్నీ గ్రాహం ప్రభృతులు ఆ మొదటి రూపాన్ని స్ఫటికంలో బంధించి, ఎక్స్‌కిరణాల సాయంతో దాని నిర్మాణాన్ని తేటతెల్లం చేశారు. ఆపై ప్రోటీన్‌లో ఒకచోట రసాయన బంధం చేర్చి, లోపలి ఖాళీలు పూడ్చి, ఆ రూపం చెదరకుండా నిలిపారు. ఈ మార్గంలో రూపొందిన టీకాలకు 2023లో అమెరికాలో అనుమతి లభించింది. వాటిలో ఒకదానిని 32 నుండి 36 వారాల గర్భిణులకు ఇస్తారు. తల్లి దేహంలో పుట్టిన యాంటీబాడీలు మావి ద్వారా బిడ్డకు చేరి, తొలి ఆరు నెలలు రక్షణనిస్తాయి. కరోనా స్పైక్ ప్రోటీన్‌ను స్థిరపరచడానికి కూడా ఇటువంటి విద్యే ఉపకరించింది. మోడెర్నా, ఫైజర్ టీకాలు అందుకు నిదర్శనం.

సోదర సోదరీమణులారా! 1966 నాటి విషాదాన్ని చూపి టీకాలన్నిటినీ శంకించేవారు ఉండవచ్చు. అయితే ఆ విషాదాన్ని వైద్యులు దాచలేదు. 1969లో వైద్య పత్రికలో ప్రకటించారు. కారణం తేలేవరకు తరతరాల పరిశోధకులు దానిని వదలలేదు. నేటి టీకా ఆ విచారణ నుండి పుట్టినదే. కనుక బిడ్డ టీకా గురించి సందేహం కలిగితే సంకోచించక వైద్యుణ్ణి అడగండి. ఏ వ్యాధికి, ఏ వయసులో, ఎన్ని మోతాదులు, ఏ దుష్ఫలితాలు కనిపిస్తే వెంటనే రావాలో తెలుసుకోండి. ఎవరో ఫోనులో పంపిన మాటను విని మాత్రం బిడ్డ టీకాను వాయిదా వేయకండి.