పడవ ఎవరిది? కెప్టెన్‌దా, వడ్రంగిదా?

అమెరికాలో పీటీ బోటు అనగానే కెన్నెడీ పేరు చెప్తారు. 1943 ఆగస్టులో జపాన్ యుద్ధనౌక గుద్దితే ఆయన నడిపిన పీటీ-109 రెండు ముక్కలైంది. దాని మీద పుస్తకాలొచ్చాయి, సినిమా వచ్చింది. కెప్టెన్ దేశాధ్యక్షుడయ్యాడు. మంచిదే. మరి అలాంటి పడవలకు చెక్క కోసిందెవరు? స్క్రూ బిగించిందెవరు? ఒక్క పేరైనా లోకానికి తెలుసా?

న్యూ ఆర్లీన్స్ నగరంలోని హిగ్గిన్స్ కంపెనీ కూడా యుద్ధకాలంలో ఈ కర్ర మోటారు బోట్లు కట్టింది. అక్కడ పనిచేసినవాళ్లు 20 వేలకు పైనే. బస్సులో నల్లవాళ్లు, తెల్లవాళ్లు పక్కపక్కన కూర్చోరాని నగరమది. అట్లాంటి చోట నల్లవాళ్లకు, ఆడవాళ్లకు, ముసలివాళ్లకు పని దొరికింది. ఒకే పనికి ఒకే కూలి ఇచ్చారు. పీటీ-305 ఆ చేతుల్లోనే పుట్టింది. 78 అడుగుల పొడవు, మూడు ప్యాకార్డ్ పెట్రోలు ఇంజన్లు. మధ్యధరా సముద్రంలో యుద్ధం చేసింది.

యుద్ధం ముగిసింది, అవసరం తీరింది. 1945లో ఫిలిప్పీన్స్‌లోని సమర్ తీరంలో వందకు పైగా పీటీ బోట్లను, పనికొచ్చే సామాను పీకేసి, నావికాదళమే తగులబెట్టింది. వాడుకున్నన్ని రోజులు వాడుకొని, ఆ తర్వాత బూడిద చేయడం ఏలేవాళ్లకు కొత్త కాదు. 305 ఎట్లనో బతికింది. చేతులు మారి చివరికి ఆల్చిప్పలు పట్టే పడవైంది. పొడవు ఎక్కువుంటే లైసెన్సు తిప్పలని దాని వెనుక భాగం 13 అడుగులు కోసేశారు.

2007లో న్యూ ఆర్లీన్స్‌లోని రెండో ప్రపంచయుద్ధ మ్యూజియం ఆ మొండి పడవను పుట్టిన ఊరికి తెచ్చింది. 200 మందికి పైగా స్వచ్ఛందంగా వచ్చి పని చేశారు. పదేళ్ల దాకా పట్టింది. ఎందుకంత కాలం? పీటీ బోటు ప్లైవుడ్‌తో చేసిందని చాలామంది అనుకుంటారు. కాదు. మహాగని పలకలు రెండు వరుసలు ఏటవాలుగా పరుస్తారు. నడుమ జిగురు పట్టించిన గుడ్డ వేస్తారు. ఒక్క పలక కుళ్లితే దాని చుట్టున్నవీ విప్పాలి. కింది చట్రం చెడిందేమో చూడాలి. తెగిపోయిన 13 అడుగులను మొత్తం కొత్తగానే కట్టాలి. ఈ పనిలో చాలా భాగం అద్దాల గోడల వెనుక, చూడవచ్చిన జనం కళ్ల ముందే సాగింది. 2016 చివర్లో పడవ మళ్లీ నీళ్లలో దిగింది. 2017లో మామూలు జనం టికెట్టు కొని ఎక్కారు.

ఇన్ని కొత్త చెక్కలు వేశాక అది పాత పడవెట్లా అవుతుందని కొందరు మేధావులు అడుగుతారు. అడగనీయండి. మేమనేది ఒక్కటే. పాత చెక్కను అద్దాల పెట్టెలో దాస్తే చెక్క మిగులుతుంది. అదే పడవను మళ్లీ కడితే, కట్టే విద్య మిగులుతుంది. ఆ పదేళ్లలో 200 మంది చేతులకు 1943 నాటి పని వచ్చింది. అసలు మిగిలిన ఆస్తి అదే.

ఎక్కడో ఉన్న న్యూ ఆర్లీన్స్‌తో మనకేం పని అంటారా? ఉంది. నక్షాలు, ఫోటోలు ఉన్న పడవకే పదేళ్లు పట్టింది. మన గోదావరి ఒడ్డున నాటుపడవ కట్టే వడ్రంగికి కొలతలు కాగితం మీద ఉండవు, చేతిలో ఉంటాయి. ఆ చెయ్యి ఆగిపోతే ఏ మ్యూజియం తెచ్చిస్తుంది? మన మ్యూజియాల్లో రాజుల కత్తులు ఎన్ని, వడ్రంగి బాడిసెలు ఎన్ని? లెక్క తీయండి.

పడవ కట్టే ముసలాయన ఇంకా మన ఊళ్లలో ఉన్నాడు. విద్యార్థులారా, సెలవుల్లో ఆయన దగ్గర కూర్చోండి, కొలతలు రాసుకోండి. సర్కారు జీవో కోసం ఎదురుచూస్తే అప్పటికి ఆయన ఉండడు.