కోతకు ముందే పాత పికప్ మానిఫోల్డ్‌ను పరీక్షించాలి

పంటకోత అనంతర నష్టాలపై మన పాఠాలలో ఎండబెట్టడం, గ్రేడింగ్, నిల్వ వంటి అంశాలు తప్పక ఉంటాయి. ఆ పంటను పొలం నుంచి మార్కెట్ యార్డుకు చేర్చే పికప్ వాహనం మాత్రం వాటిలో కనిపించదు. టమాటా, ఆకుకూరల లోడు దారిలో నిలిచిపోతే ఏడాది పొడవునా పాటించిన మేలైన యాజమాన్యం రైతుకు అక్కరకు రాదు. అందుచేత పాత వాహనాల ముందస్తు సంరక్షణ కూడా విస్తరణ విద్యలో భాగం కావాలని నా అభిప్రాయం. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఇందుకు తగిన ఉదాహరణ.

ఇంజిన్ సిలిండర్ల నుంచి వెలువడే వేడి పొగను ఒకచోట చేర్చి సైలెన్సర్ గొట్టానికి పంపే భాగమిది. సాధారణంగా పోత ఇనుముతో తయారవుతుంది. అర మీటరు పొడవున్న పోత ఇనుము 500 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కితే దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. దానిని బిగించిన సిలిండర్ హెడ్ అంతగా వేడెక్కదు కనుక అంతగా సాగదు. ఈ తేడా వలన కలిగే ఒత్తిడి స్టడ్లు, గాస్కెట్‌పై పడుతుంది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారే క్రమంలో నట్లు వదులవుతాయి, స్టడ్లు విరుగుతాయి, గాస్కెట్ కాలిపోతుంది. తుదకు మానిఫోల్డే పగులుతుంది.

లోపం ముందుగానే సూచనలిస్తుంది. ఉదయం చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మనే శబ్దం వచ్చి, వేడెక్కిన పిదప తగ్గితే లీకును అనుమానించాలి. అతుకుల వద్ద నల్లని మసి చారలు దానిని బలపరుస్తాయి. క్యాబిన్‌లోకి పొగ వస్తే నిర్లక్ష్యం కూడదు. అందులోని కార్బన్ మోనాక్సైడ్ రంగు, వాసన లేని విషవాయువు.

నివారణ చర్యలు సులభమైనవే. వేడి ఇంజిన్‌పై చన్నీళ్లు చల్లరాదు. అనుమతించిన బరువును మించరాదు. ఎయిర్ ఫిల్టర్‌ను శుభ్రంగా ఉంచాలి. టర్బో ఇంజిన్‌ను బరువు లాగిన వెంటనే ఆపక, ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో నడపాలి. సైలెన్సర్ హ్యాంగర్లు, ఇంజిన్ మౌంటింగ్‌లు అరిగితే గొట్టం బరువు, అదురు మానిఫోల్డ్‌పై పడతాయి కనుక సకాలంలో మార్చాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాతే నట్లను పరీక్షించి, తయారీదారు సూచించిన వరుసలో టార్క్ రెంచ్‌తో బిగించాలి. తుప్పు పట్టిన నట్టును బలవంతంగా తిప్పరాదు; తుప్పు వదిలించే నూనె వేసి నానబెట్టాలి. హెడ్‌లో విరిగిన స్టడ్‌ను తీయడానికయ్యే శ్రమ, ఖర్చు కొత్త గాస్కెట్ కంటే ఎంతో అధికం. గాస్కెట్ మార్చేటప్పుడు మానిఫోల్డ్ ముఖం వంగినదేమో సరిచూడాలి.

ఇది మెకానిక్ పని, శాస్త్రవేత్తలకెందుకని కొందరు ప్రశ్నించవచ్చు. స్ప్రేయర్ నాజిల్ అరుగుదలను పరీక్షించడం మనమే నేర్పుతున్నాము కదా! రైతును మెకానిక్‌గా మార్చడం ఇక్కడ ఉద్దేశం కాదు; మెకానిక్ వద్దకు ఎప్పుడు వెళ్లాలో తెలియజేయడమే. కృషి విజ్ఞాన కేంద్రాలు కోతకు ముందు జరిపే శిక్షణలో వ్యవసాయ ఇంజనీర్లు, స్థానిక మెకానిక్‌ల సహాయంతో ఒక పూటను దీనికి కేటాయించాలి. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమానికి వెళ్లే విద్యార్థులు తమ గ్రామ సర్వేలో రవాణా వాహనాల స్థితిని కూడా నమోదు చేయాలి. పంట అమ్ముడయ్యే వరకు మన బాధ్యత ముగియదు.